మూడో బ్లేడు తర్వాత

చెవిమేస్త్రీ అబద్ధాలాడతాడని ఆ షెడ్డులో ఎవరూ అనరు. కోతలు కోస్తాడంటారు. రెండూ ఒకటి కాదని ఆయన కూడా గట్టిగా వాదిస్తాడు. అబద్ధమాడేవాడు ఎదుటివాళ్లకి తెలియకుండా ఆడతాడట, తను మాత్రం అందరికీ తెలిసేలాగే కోస్తాడట. పాతికేళ్లుగా ఈ వాదనతో ఆయన హాయిగా నెట్టుకొస్తున్నాడు. ఒక్క సంగతి దగ్గర మాత్రం అది నిలవదని ఆయనకి తెలుసు. ఆయనకీ, స్టోరక్కకీ.

విమానం నడపడం నేర్పే చిన్న క్లబ్బు అది. ఒక పొడవాటి రేకుల షెడ్డు, దాని పక్కన టీ బల్లలు, ఎదురుగా గడ్డి మైదానం. ఉన్నవి మూడు విమానాలు. రెండు కొత్తవి, వాటి గురించి చెప్పుకోవడానికేం లేదు, తాళం తిప్పితే తిరుగుతాయి. మూడోది మేస్త్రీ కంటే వయసులో పెద్దది. దాని ముక్కు మీద ఏడు సిలిండర్లు చక్రంలా గుండ్రంగా బిగించి ఉంటాయి. ఒక్కో సిలిండర్ చుట్టూ ఒకదాని మీద ఒకటి సన్నటి లోహపు పొరలు. ఈ ఇంజన్‌కి నీళ్లతో పనిలేదు. ఎదురుగాలి ఆ పొరల సందుల్లోంచి దూరి వేడిని లాక్కుపోతుంది. అంచేత దానికి నీళ్లైనా గాలే, మందైనా గాలే.

ఆ ఇంజన్‌కి ఒకటే రోగం. ఏడింటిలో అడుగున ఉన్న రెండు సిలిండర్లు తలకిందులుగా వేలాడుతుంటాయి. విమానాన్ని ఊరికే నిలబెడితే పైనించి ఆయిల్ బొట్టుబొట్టుగా జారి వాటిల్లో చేరుతుంది. పిస్టన్ గాలినైతే నొక్కగలదు గానీ ఆయిల్ నలగదు. బలవంతంగా తిప్పితే లోపలి కడ్డీ వంగుతుంది. వంగిన కడ్డీ అప్పటికప్పుడు విరగకపోవచ్చు. కాసేపు బుద్ధిగా తిరిగి, విమానం పైకి లేచాక విరుగుతుంది. అందుకే రోజూ పొద్దున్నే స్టార్టు చేసేముందు ప్రొపెల్లర్‌ని చేత్తో మెల్లగా తిప్పాలి. దాన్ని షెడ్డులో అందరూ పంకా అనే అంటారు. పన్నెండు బ్లేళ్లు లెక్కపెట్టాలి. ఎక్కడైనా బిగిస్తే అక్కడే ఆపి, కింది సిలిండర్ల ప్లగ్గులు విప్పి ఆయిల్ దించాలి. వెనక్కి మాత్రం ఛస్తే తిప్పకూడదు. వెనక్కి తిప్పితే ఆ ఆయిల్ గాలి పీల్చే పైపులోకి పోయి దాక్కుంటుంది. పంకా మామూలుగానే కదులుతుంది. స్టార్టు చేయగానే ఆయిల్ మళ్లీ లోపలికి వచ్చి పడుతుంది.

ఇంకో నియమం కూడా ఉంది. లెక్క పైకి చెప్పాలి. నోట్లో పెట్టుకున్న లెక్క లెక్క కాదని క్లబ్బు మొదటి హెడ్డుమేస్త్రీ పెట్టిన పద్ధతి. షెడ్డు ఆ చివర స్టోరుగదిలో కూచున్న మనిషికి కూడా వినపడేలా ఒకటి, రెండు, మూడు అని అరవాలి. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన పద్ధతి ఉంది.

స్టోరుగదిలో ముప్ఫయ్యొక్క ఏళ్లుగా కూచున్న మనిషి స్టోరక్క. నట్లూ వాషర్లూ ప్లగ్గులూ ఆయిల్ డబ్బాలూ ఆవిడ చేతిమీదుగానే బయటికొస్తాయి. ఆవిడ కుర్చీ గోడవైపు తిరిగి ఉంటుంది. వీపు వెనక కిటికీ, కిటికీ అవతల షెడ్డు. తల తిప్పి చూసే అలవాటు లేదు. చేతులు చేతుల పనిలో ఉంటాయి, చెవులు మాత్రం పంకా దగ్గర ఉంటాయి. మేస్త్రీ "పన్నెండు" అనగానే కిటికీలోంచి "సరే" అని వినపడుతుంది. ఆ మాట ఏ నియమంలోనూ లేదు. కానీ అది వినపడేదాకా స్టార్టు చేయడానికి ఎవరికీ చెయ్యి రాదు.

ఇవాళ ఆవిడ ఆఖరి రోజు. ఐదింటికి వ్యాను వస్తుంది, సామాను ఎక్కించుకుని కూతురింటికి తీసుకుపోతుంది. ఆ లోపల చెవిమేస్త్రీ ఆవిడకి ఒక మాట చెప్పాలి. ఇరవై రెండేళ్లుగా చెప్పాల్సిన మాట. వారం రోజులనించి పాత ఇంజన్ ముందు నిలబడి సాధన చేస్తున్నాడు. "అక్కా, ఆ రోజు నువ్వు లేకపోతే మా బావమరిది లేడు. నేను తలెత్తుకు తిరిగేవాణ్ణి కాదు. నీ మేలు ఒక్క రోజూ మర్చిపోలేదు." అంతే, మూడు ముక్కలు. ఇంజన్ ముందు తడుముకోకుండా వచ్చేసేవి. ఇంజన్ తిరిగి ఏమీ అనదు, దానితో మాట్లాడటంలో ఉన్న సుఖమే అది.

నాలుగింటికి టీ బల్లల దగ్గర అందరూ చేరారు. మధ్యలో కుర్చీ వేసి స్టోరక్కని కూచోబెట్టారు. పక్కన రంగులాయన, విమానం రెక్కలకి గుడ్డ సాగదీసి రంగు వేసేది ఈయనే. ఎదురుగా నేర్చుకునే పిల్లలు ఐదుగురు, వాళ్లలో ముందుబల్ల ఎప్పుడూ వదలని కళ్లజోడు అమ్మాయి. చివర్లో మేస్త్రీ బావమరిది, అంటే భార్య తమ్ముడు. క్లబ్బులో అందరికీ విమానం నేర్పే పెద్దమాస్టారు ఆయనే. టీ వచ్చింది. ఆ క్లబ్బులో టీ గ్లాసులు పెద్దవి, రెండు చేతులతో పట్టుకోవాలి.

"ఒక మాట చెప్పాలి," అంటూ మేస్త్రీ లేచాడు. గొంతు సవరించుకున్నాడు. "ఇరవై రెండేళ్ల కిందట ఒక పొద్దున, ఈ పాత విమానం దగ్గర ఏం జరిగిందో మీకెవరికీ తెలీదు."

"తెలీకపోవడమేంటయ్యా, మాకు నోటికొచ్చు," అన్నాడు రంగులాయన.

"రెక్క మీద నడిచిన కథ!" అని కళ్లజోడు చప్పట్లు కొట్టింది.

"అది కాదమ్మా, ఇవాళ నేను..."

"మాకదే కావాలి మేస్త్రీగారూ. స్టోరక్క వెళ్లిపోతోంది. ఆవిడకి కూడా ఆఖరిసారి వినిపించండి."

బల్లలు దగ్గరికి జరిగాయి. ఎవరో గ్లాసు తెచ్చి చేతిలో పెట్టారు. చేతిలో టీ, ఎదురుగా పది చెవులు. ఈ రెండూ ఒకేసారి దొరికినప్పుడు చెవిమేస్త్రీ నిజం చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. వారం రోజులు రుద్ది రుద్ది పెట్టుకున్న మాట గొంతు దాకా వచ్చింది, అక్కడ నాలుక అడ్డం తిరిగింది.

"అయితే వినండి. పొద్దున్న ఏడుంపావు. నేను షెడ్డు ఈ చివర, విమానం ఆ చివర, మధ్యలో ఎవడో రేకు మీద సుత్తి పెట్టి బాదుతున్నాడు, అయినా నాకు వినపడింది. ఏంటి? ఐదో సిలిండర్. చిన్న కీచు. పసిబిడ్డకి జలుబు చేస్తే ఊపిరి తీసుకుంటుందే, అంత. ఆపండి అన్నాను, ఆపారు. విప్పండి అన్నాను, విప్పారు. తప్పు అక్కడే దొరికింది. చైర్మన్‌గారు గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుని, 'భలే చెవయ్యా నీది, ఇవాళ్టినించి నువ్వు చెవిమేస్త్రీవి' అన్నారు. మరుసటేడు నన్ను హెడ్డుమేస్త్రీని చేశారు."

ఎప్పుడు చెప్పినా ఆయన ఇక్కడే మొదలుపెడతాడు. ఇది జరగడానికి వీలున్న సంగతే, అందరూ నమ్మిందే. ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం స్టోరక్క వైపు చూడడు. ఇవాళా చూడలేదు. ఆవిడ తాపీగా బిస్కెట్ టీలో ముంచుకుంటోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు, ఆ చోటు త్వరగా దాటేస్తూ. "బాగుచేశాం గదా, ఓసారి గాల్లో తిప్పి చూద్దామని ఎక్కాం. ముందు సీట్లో నేను, వెనక మా బావమరిది. మబ్బుల దాకా వెళ్లామో లేదో, టప్‌మని ఒక ప్లగ్గు ఊడి ఎగిరిపోయింది. మామూలు మేస్త్రీ అయితే ఏమంటాడు? దిగిపోదాం అంటాడు. నేను జేబు తడుముకున్నాను. కొత్త ప్లగ్గు ఉంది. స్పానర్ పళ్ల మధ్య పెట్టుకుని, చెప్పులు విప్పి సీటు కింద పెట్టి..."

"చెప్పులెందుకు విప్పారు?" అంది కళ్లజోడు.

"రెక్కకి కొత్త రంగు వేసుందమ్మా. ఇదిగో, ఈయన వేసిందే. చెప్పులతో తొక్కితే ఊరుకుంటాడా?"

"ఛస్తే ఊరుకోను," అన్నాడు రంగులాయన.

"వట్టికాళ్లతో రెక్క మీదికి దిగి, తీగ పట్టుకుని, ఒక్కో అడుగే ముక్కు దాకా నడిచి ప్లగ్గు బిగించాను. గాలి ఎలా ఉందనుకున్నారు? చొక్కా గుండీలు ఒక్కొక్కటే ఊడిపోయి వెనక కూచున్న వీడి నుదుటికి కొట్టుకుంటున్నాయి. ఏరా, తగిలాయా లేదా?"

"మచ్చ ఇంకా ఉంది బావా," అని బావమరిది నుదురు రుద్దుకున్నాడు. పిల్లల ముందు నవ్వని మనిషే గానీ, బావ కథలో తనకిచ్చిన వేషం ఎప్పుడూ కాదనడు.

"ఇంక వెనక్కి రాబోతుంటే చూద్దునుగదా, ఇంజన్ వేడెక్కిపోతోంది. ఎందుకు? నేను ముందు నిలబడ్డానుగా! ఎదురుగాలికి నేనే అడ్డం! గాలి తగలకపోతే దీని గతేంటో మీకు చెప్పక్కర్లేదు. పొరలన్నీ ఎర్రబడుతున్నాయి. పక్కకి జరుగుదామంటే కాలు పెట్టే చోటు లేదు. ఏం చేయాలి? బనీను విప్పి విసరడం మొదలుపెట్టాను. ఈ చెయ్యి నొప్పెడితే ఆ చెయ్యి, ఆ చెయ్యి నొప్పెడితే ఈ చెయ్యి, గంటసేపు విసిరాను. ఇంజన్‌కి ఎంత హాయిగా ఉందంటే, పాపం, కునుకు పట్టేసింది."

"ఇంజన్‌కి కునుకా?"

"ఆగిపోయిందమ్మా! గంటసేపు విసిరితే నువ్వైనా నిద్రపోవా?"

బల్లల చుట్టూ పకపకలు మొదలయ్యాయి. మేస్త్రీకి ఒళ్లు తెలియడం లేదు. ఐదింటి వ్యానూ, చెప్పాల్సిన మూడు ముక్కలూ ఎక్కడో వెనక ఉండిపోయాయి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజన్ ఆగిన విమానం ఎటొస్తుంది, కిందికొస్తుంది. దానికి తోడు నేను విసిరిన విసురుకి మూడో సిలిండర్ వదులైపోయి, ఊడి నా చేతిలోకొచ్చింది. కాలిపోతోంది. పారేద్దామా అంటే, స్టోరక్క ఒప్పుకుంటుందా? పాతది తెచ్చి బల్లమీద పెడితేగానీ కొత్తది ఇవ్వదాయె. అందుకని దాన్ని చంకలో ఇరికించుకుని, ఆ కన్నంలో నా టీ ఫ్లాస్కు బిగించాను. అతికినట్టు పట్టేసింది. ఉన్నమాట చెప్పుకోవాలి, మిగతా ఆరింటికంటే ఆ ఫ్లాస్కే బాగా పనిచేసింది. కాకపోతే పొగ టీ వాసన."

"పంచదార వేసిన టీయేనా?" అన్నాడు రంగులాయన.

"రెండు చెంచాలు. ఇంతలో పక్కనించి మబ్బు పోతుంటే ఓ ముక్క చింపి, జ్వరం వచ్చిన పిల్లాడికి తడిగుడ్డ వేసినట్టు ఇంజన్ మీద వేశాను. అదంతా చూసుకుంటూ ఒక కొంగల గుంపు మా పక్కనే వస్తోంది. అందులో పెద్ద కొంగ మొహమాటపడుతూ, 'ఓ రెక్క పట్టమంటారా అన్నగారూ' అంది. వద్దమ్మా, మీకు ఆలస్యమవుతుంది, మీ దారిన మీరు పొండి అని పంపించేశాను. ఒకళ్ల సాయం తీసుకోవడం నాకు గిట్టదు."

ఆఖరి మాట అన్నాక ఆయనకే ఎందుకో నోరు చేదెక్కింది. టీ ఓ గుక్క తాగి ముందుకి నడిచాడు.

"కింద మన మైదానం కనపడుతోంది. ఇంజన్ లేపాలి. లేపాలంటే ముందు పంకా తిప్పాలి. గాల్లో ఉన్నాం గదా అని పద్ధతి వదిలేస్తామా? ఒక చేత్తో తీగ, ఇంకో చేత్తో బ్లేడు. మన షెడ్డు పద్ధతిలో పైకి లెక్కపెట్టాను. ఎంత గట్టిగా? కింద మేస్తున్న గొర్రెలు తలలెత్తి చూశాయి. ఒకటి!"

గ్లాసు బల్లమీద పెట్టి, చెయ్యి పైకి చాచి, లేని బ్లేడుని కిందికి లాగాడు. రోజూ చేసే పని, చెయ్యి దానంతటదే సాగింది.

"రెండు!" పిల్లలు కూడా గొంతు కలిపారు.

"మూడు!"

ఆయన చెయ్యి కిందికి దిగిన చోట, ఎదురుగా, స్టోరక్క ఉంది. బిస్కెట్ పక్కన పెట్టేసి, తల కొద్దిగా వాల్చి వింటోంది. ఇన్నేళ్లుగా కిటికీలోంచి ఆయనకి కనపడింది ఆవిడ వీపే. వినేటప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు. కళ్లు సగం మూసి, పెదవులు అతి మెల్లగా కదుపుతూ, ఆయనతోపాటు లెక్కపెడుతోంది. రోజూ ఇలాగే పెట్టి ఉంటుంది. ముప్ఫయ్యొక్క ఏళ్లు.

మేస్త్రీ నోట్లోంచి నాలుగు రాలేదు.

"నాలుగు!" అని పిల్లలే అందించారు. ఆయన అందుకోలేదు.

"మూడు తర్వాత ఆగావేం తమ్ముడూ?" అంది స్టోరక్క.

"గొంతు ఎండిందక్కా," అన్నాడు. అన్నాకగానీ తెలియలేదు, ఇరవై రెండేళ్ల కిందట ఇదే ప్రశ్నకి ఇదే జవాబు చెప్పానని.

"ఆ రోజూ అదే చెప్పావు," అంది ఆవిడ. కోపంగా కాదు, రేటు ఎంతని అడిగినంత మామూలుగా. "టీ ఉందిగా. తాగి చెప్పు."

ఆయన తాగాడు. మిగిలిందంతా తాగాడు. గ్లాసు కింద పెట్టేసరికి కథలోని మబ్బూ కొంగా ఎటో పోయాయి.

"నేను రెక్క ఎక్కలేదు," అన్నాడు.

"అయ్యయ్యో!" అని కళ్లజోడు గుండె మీద చెయ్యి వేసుకుంది. అందరూ నవ్వారు.

"ఆ రోజు అసలు విమానమే ఎక్కలేదు. ముందురోజు చైర్మన్‌గారి దగ్గర కోశాను, పొద్దున టీ వచ్చేలోపల ఇంజన్ తిరుగుతూ ఉంటుందని. తీరా చూస్తే నేనే ఆలస్యంగా వచ్చాను. అవతల టీ కెటిల్ వచ్చేస్తోంది. ఇవతల చైర్మన్‌గారు గడియారం చూసుకుంటున్నారు. గబగబా పంకా తిప్పుతున్నాను. మూడో బ్లేడు తర్వాత బిగిసింది. ప్లగ్గులు విప్పాలంటే అరగంట పడుతుంది. పరువు పోతుందనుకున్నాను. వెనక్కి తిప్పాను."

నవ్వులు ఆగాయి. ఆ క్లబ్బులో చేరిన ప్రతివాళ్లకీ మొదటిరోజు నేర్పే పాఠం అది.

"వెనక్కా?" అంది కళ్లజోడు.

"వెనక్కే. వదులైంది. నాలుగు నించి పన్నెండు దాకా వెన్నలా తిరిగింది. పన్నెండు అని అరిచాను. స్టోరుగదిలోంచి బదులు రాలేదు. మళ్లీ అరిచాను. అక్క స్టూలు చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. దాన్ని పంకా ముందు వేసుకుని కూచుంది. మూడు తర్వాత ఆగావేం అంది. గొంతు ఎండిందన్నాను. ఎండిన గొంతులోంచి నాలుగు అంత కులాసాగా ఎలా వచ్చిందంది. నాకు ఒళ్లు మండిపోయింది. వాషర్లు లెక్కపెట్టుకునే దానివి, నీకు ఇంజన్ సంగతేం తెలుసని అందరి ముందూ కేకలేశాను. కదల్లేదు. సరిగ్గా చూసుకో అని ప్లగ్గులు విప్పి చూపించాను. చుక్క ఆయిల్ లేదు. ఇప్పుడేమంటావు అన్నాను. పైపు విప్పు అంది, నాకొక్కడికే వినపడేలా."

మేస్త్రీ ఖాళీ గ్లాసుని బల్లమీద పక్కకి జరిపాడు.

"ఉంది. పైపులో ఉంది. టీ తాగొచ్చి, ఆలస్యం ఎందుకైందని చైర్మన్‌గారు అడిగితే, చెవితో పట్టేశానండీ అన్నాను. అక్క పక్కనే నిలబడి వింది. ఒక్క మాట అనలేదు. మీరంతా పిలిచే ఈ చెవి నాది కాదు. ఆవిడది."

కళ్లజోడు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "మేస్త్రీగారూ, అన్నిటికంటే ఇదే బాగుంది! స్టోరక్క వెళ్లిపోతోందని ఆవిడ మీద కొత్త కథ కట్టారు చూడండీ!"

"కట్టలేదమ్మా, నిజం."

"ప్రతిసారీ అదే అంటారుగా!"

"మా ఆవిడ మీద ఒట్టు."

"కొంగ మాట్లాడిందని కూడా ఆవిడ మీదే ఒట్టేశారు."

"ఇదుగో, కొంగ మాట్లాడిందంటే నమ్ముతాను," అన్నాడు రంగులాయన వేలు చూపిస్తూ, "స్టోరక్క కుర్చీ దిగి షెడ్డులోకి వచ్చిందంటే మాత్రం నమ్మను. ఎంతైనా కోతకి ఓ హద్దుండాలి."

అందరూ గొల్లుమన్నారు. చెవిమేస్త్రీ నిలబడ్డచోటే నిలబడిపోయాడు. కోతకి జనం నవ్వితే ఆయనకి కడుపు నిండేది. ఇప్పుడు అదే నవ్వుకి తల కొట్టేసినట్టైంది. తన మాట ఎవరైనా నమ్మితే బావుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది, నమ్మడానికి ఎవరికీ కారణం మిగల్చలేదని కూడా అప్పుడే అర్థమైంది.

"ఆవిడ ఒళ్లో పళ్లెం ఉంది."

అన్నది బావమరిది. ఆయన నవ్వడం లేదు.

"రేకు పళ్లెం. దాని నిండా పిన్నులు. చిన్నవీ పెద్దవీ కలిసిపోతే వేరు చేస్తూ కూచుంది, పంకా ముందు, నలభై నిమిషాలు. ఆ రోజు ఆ విమానంలో వెళ్లాల్సింది నేనే. కొత్తగా చేరినవాణ్ణి ఒకణ్ణి మొదటిసారి గాల్లోకి తీసుకెళ్లాలి. ఆలస్యమవుతోందని ఆవిడ మీద అరిచాను. లే అక్కణ్నించి, పోయి నీ గదిలో కూచో అన్నాను. ఆవిడ తలెత్తకుండా, 'ఇంకా పెద్ద పిన్నులు ఉన్నాయి బాబూ' అంది." ఆయన స్టోరక్క వైపు తిరిగాడు. "మతి లేని మనిషనుకున్నానక్కా. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను. మా పెద్దమ్మాయికి అప్పటికి ఏడు నెలలు."

ఆయన వచ్చి స్టోరక్క కుర్చీ పక్కన గడ్డిలోనే కూచుండిపోయి, ఆవిడ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కాసేపటికి తలెత్తి, "నీతో ఇంటి దగ్గర మాట్లాడతాను బావా," అన్నాడు. మేస్త్రీ బుద్ధిగా తల ఊపాడు.

రంగులాయన గొంతు తగ్గించాడు. "ఎంత ఉందయ్యా పైపులో ఆయిల్?"

"రెండు లీటర్లు!" అన్నాడు మేస్త్రీ. నోరు ఊరుకోదు గదా.

"గ్లాసుడు," అంది స్టోరక్క. "ఇదిగో, ఈ టీ గ్లాసుడు."

అందరూ ఎవరి గ్లాసులోకి వాళ్లు చూసుకున్నారు. కళ్లజోడు తన గ్లాసు మెల్లగా బల్లమీద పెట్టింది. ఆ అమ్మాయికి రేపు పొద్దున పాత విమానంలో పాఠం ఉంది.

"మరి మీరెందుకు ఎవరికీ చెప్పలేదక్కా?"

"చెబితే వీణ్ణి పంపించేసేవాళ్లు. ఇంకో మేస్త్రీ వచ్చేవాడు. కొత్తవాడి గొంతు నాకేం తెలుస్తుంది? ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ మింగుతాడో మళ్లీ మొదటినించి నేర్చుకోవాలి." స్టోరక్క కొంచెం నవ్వింది. "ఆ రోజు తర్వాత పంకా ఎప్పుడు బిగిసినా, 'బిగిసిందక్కా' అని షెడ్డు అదిరేలా అరిచి చెప్పాడు. ఎండలో, వానలో, చైర్మన్ ముందు, ఎవరి ముందైనా. కోతలన్నీ టీ బల్ల దగ్గర కోశాడు. పంకా దగ్గర ఒక్కటీ కోయలేదు. నాకు ఇంకేం కావాలి?"

చెవిమేస్త్రీకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తన గురించి ఇంత మంచిమాట ఇన్ని కోతల్లోనూ తనే ఎప్పుడూ చెప్పుకోలేదు.

గేటు దగ్గర వ్యాను హారన్ మోగింది. పిల్లలు లేచి పెట్టెలూ సంచీలూ పట్టుకుని ముందు నడిచారు. స్టోరక్క కుర్చీలోంచి లేచింది. మేస్త్రీ దగ్గరికి వెళ్లి, తల వంచుకుని, ఆ మూడు ముక్కలూ గొణిగాడు.

"వినపళ్లేదు," అంది ఆవిడ.

"అదే అక్కా, ఆ రోజు నువ్వు..."

"లెక్క పైకి చెప్పాలి తమ్ముడూ. నోట్లో పెట్టుకుంటే ఎలా?"

ఆయన ఒక్క క్షణం ఆగి, ఊపిరి పీల్చుకుని, షెడ్డు ఆ చివరికి వినపడేలా అరిచాడు.

"అక్కా! ఆ రోజు నువ్వు లేకపోతే మా బావమరిది లేడు! నేను తలెత్తుకు తిరిగేవాణ్ణి కాదు! నీ మేలు ఒక్క రోజూ మర్చిపోలేదు!"

రేకులు మోగాయి. గేటు దగ్గర వ్యాను డ్రైవరు ఏమైందోనని దిగి చూశాడు. మేస్త్రీ ఇంకేమీ కలపలేదు. చేతులు కట్టుకుని నిలబడి ఎదురుచూశాడు, రోజూ పన్నెండు అయ్యాక కిటికీ వైపు చెవి పెట్టి నిలబడినట్టే.

స్టోరక్క చేతిసంచీ భుజానికి తగిలించుకుంది.

"సరే," అంది.